తూము పక్కన డైవింగ్: కింద నీళ్లు తేటగానే ఉన్నాయి కదా?

ప్రశ్న: నేను గాలి సిలిండర్ వీపున కట్టుకుని ఒడ్డు నుంచి దిగే స్కూబా డైవర్‌ని. నాలుగేళ్లుగా వారం వారం ఒకే చోట దిగుతున్నాం. దిగే చోటుకి ఎడమవైపు కాస్త దూరంలో వాననీటి తూము ఒకటి సముద్రంలో కలుస్తుంది. మొన్న వాన వెలిసిన మర్నాడు దిగాం. పైన నీళ్లు ఇటుక రంగులో ఉన్నా, మీటరు కిందకి వెళ్లేసరికి అద్దంలా ఉన్నాయి. రెండు రోజులకి నాకు చెవిపోటు, నా బడ్డీకి (నాతో జంటగా దిగే డైవర్‌కి) వాంతులు, విరేచనాలు. "సముద్రం అంత పెద్దది, ఈ తూము ఏపాటి?" అంటున్నారు మా సీనియర్లు. ఆ చోటు వదిలేయాలా? వదలకపోతే వాన తర్వాత ఎన్ని రోజులు ఆగాలి? సామాను ఎలా కడగాలి? ఎవరికి చెప్పుకోవాలి? ఇంకో మాట, వచ్చే శనివారం మా తమ్ముడి మొదటి సముద్రపు డైవ్ అక్కడే పెట్టారు.

సమాధానం:

ముందు ఆ అద్దంలాంటి నీళ్ల సంగతే చూద్దాం. మీ సీనియర్ల వాదనంతా దాని మీదే నిలబడింది కాబట్టి.

తూములోంచి వచ్చేది ఉప్పు లేని నీరు. ఉప్పు లేని నీటిని మంచినీళ్లు అంటాం గానీ, ఇక్కడ ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అది ఉప్పునీటి కన్నా తేలిక. అందుకని సముద్రంలో పడగానే కలిసిపోదు, పైన పొరలా పరుచుకుంటుంది. గాలి, అలలు గట్టిగా చిలికితే త్వరగా కలుస్తుంది. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజున, అంటే మనం డైవ్‌కి ఏరికోరి ఎంచుకునే రోజునే, ఆ పొర గంటల తరబడి చెదరకుండా ఉంటుంది. మొన్న మీరు కిందకి దిగుతున్నప్పుడు ఒక్క క్షణం అంతా మసకబారి, బడ్డీ మొహం వణికినట్టు కనిపించిందా? మండుటెండలో తారురోడ్డు మీద గాలి కదిలినట్టు? మాస్క్‌కి ఆవిరి పట్టిందనుకుని ఉంటారు. అది రెండు నీళ్లు కలిసే హద్దు. ఆ హద్దుకి పైనున్నదంతా వీధుల్లోంచి వచ్చిన నీరు.

మీ సీనియర్లు చూసింది నిజమే, కింద తేటగానే ఉంది. కానీ కిందికి మీరు లిఫ్టులో దిగలేదుగా. రాళ్ల మధ్య నడుము లోతులో నిలబడి కాళ్లకి ఫిన్స్ (ఈతకి వాడే రబ్బరు తెడ్లు) తొడుక్కున్నారు. మాస్క్‌లో ఉమ్మి, అదే నీటిలో జాడించి, మొహానికి పెట్టుకున్నారు. సిలిండర్ గాలి ఆదా చేద్దామని స్నార్కెల్ (నీటిపైకి తేలి ఉండే ఊపిరి గొట్టం) నోట్లో పెట్టుకుని ఏడెనిమిది నిమిషాలు పైపైన ఈదారు. స్నార్కెల్‌లోకి ఒకటి రెండు అలలు పడే ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడూ అంతే. యాభై నిమిషాల డైవ్‌లో కింద గడిపిన ముప్పై అయిదు నిమిషాలూ నోరు రెగ్యులేటర్‌కి (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరానికి) అతుక్కుని ఉంది. నోటా ముక్కునా నీళ్లు పోయింది ఎక్కువగా మిగతా పదిహేను నిమిషాల్లోనే, అదీ ఇటుక రంగు నీళ్లలో.

"నేనేమీ మింగలేదు" అని మీ బడ్డీ అంటే నమ్మకండి. నెదర్లాండ్స్‌లో డైవర్లని అడిగి వేసిన లెక్క ఒకటి 2006లో అచ్చయింది. సముద్రంలో ఒక్కో డైవ్‌కి సగటున 9, 10 మిల్లీలీటర్ల నీళ్లు లోపలికి పోతున్నాయని తేలింది. రెండు చెంచాలు. వృత్తి డైవర్లు, సరదా డైవర్లు అన్న తేడా పెద్దగా లేదు. మొహమంతా కప్పే మాస్క్ వాడినవాళ్లకి మాత్రం బాగా తగ్గింది. మామూలు సముద్రపు నీళ్లయితే రెండు చెంచాలు ఏ మూలకి? మురుగు కలిసిన నీళ్లలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటిది ఉంటే, రెండు చెంచాలు చాలా ఎక్కువ. ఆ వైరస్‌కి పదుల సంఖ్యలో కణాలు చాలు మనిషిని మంచాన పడేయడానికి.

ఇక "సముద్రం అంత పెద్దది" అన్న మాట. పెద్దదే, కానీ తూము నీళ్లు నడిసముద్రంలోకి పోవు. అలలు ఒడ్డువైపు నెడుతుంటే, ఒడ్డు వెంబడి సాగే ప్రవాహం వాటిని తీరం పక్కనే ఈడ్చుకుపోతుంది. నడుము లోతు నుంచి నాలుగు మనిషి లోతుల వరకు, సరిగ్గా మనం తిరిగే చోటే. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా అఖాతంలో 1995 వేసవిలో పది వేలకు పైగా ఈతగాళ్లని వెంబడించి చూశారు. తూము నోటి దగ్గర ఈదినవాళ్లకి, 400 గజాలకి అవతల ఈదినవాళ్ల కన్నా జ్వరం, వణుకు, చెవి కారడం, కఫంతో దగ్గు ఎక్కువగా వచ్చాయి. నాలుగు వందల గజాలంటే దాదాపు 365 మీటర్లు. మీరు "కాస్త దూరం" అన్నది ఇందులో ఎన్నో వంతో కొలుచుకోండి. నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఆ అధ్యయనం జరిగింది వానలే లేని వేసవిలో. వాన లేకపోయినా తూములు పారుతూనే ఉన్నాయన్నమాట.

అందుకే మీ అసలు ప్రశ్నని నేను కొంచెం తిప్పి అడుగుతాను. ఎన్ని రోజులు ఆగాలో తర్వాత, ముందు ఆ తూము ఎలాంటిది? నాలుగేళ్లుగా దాని పక్కన దిగుతున్నారు. ఆ చోట ఏ రాయి కింద ఏ చేప ఉంటుందో మీకు కంఠతా వచ్చి ఉంటుంది. తూము ఎక్కడ మొదలవుతుందో తెలుసా?

కొన్ని ఊళ్లలో వాననీటికి ఒక గొట్టం, మరుగుదొడ్ల నీటికి ఇంకో గొట్టం. వాననీటి గొట్టంలో పడ్డది శుద్ధి లేకుండా నేరుగా సముద్రానికి పోతుంది. కుక్కల పెంట, టైర్ల పొడి, బ్రేకుల్లోంచి రాలిన రాగి పొడి, ఇంజన్ ఆయిలు, సిగరెట్ పీకలు, తోటల్లో చల్లిన మందులు, అన్నీ. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి వాన అన్నిటికన్నా చెడ్డది, అన్నాళ్ల మురికినీ ఒక్కసారిగా తోసుకొస్తుంది. పాత ఊళ్లు కొన్నిట్లో రెండిటికీ ఒకటే గొట్టం. మామూలు రోజుల్లో అంతా శుద్ధి కేంద్రానికి పోతుంది. వాన గట్టిగా పడితే గొట్టం పట్టక, పొంగినదంతా పొర్లు తూముల గుండా సముద్రంలోకి వదిలేస్తారు. ఇది ప్రమాదవశాత్తు జరిగేది కాదు, అలాగే కట్టారు. మూడోది కాగితం మీద ఉండదు. గొట్టాలు విడివిడిగానే ఉంటాయి. కానీ ఎవరో ఇంటి మురుగుని తెచ్చి వాననీటి కాలువకి కలిపేస్తారు, లేదా పగిలిన మురుగు గొట్టం పక్కనున్న వాననీటి గొట్టంలోకి కారుతుంటుంది. ఎండాకాలం కూడా సన్నగా, ఆగకుండా పారే తూముని చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే.

కనిపెట్టడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. మూడు, నాలుగు రోజులు వాన లేకుండా చూసుకుని వెళ్లండి. నీళ్లు పారుతున్నాయా, ఏ వేళకి ఎక్కువవుతున్నాయి, నురగ ఉందా, చుట్టూ రాళ్ల మీద బూడిద రంగు జిగురు పట్టిందా, వాసన ఎలా ఉంది, రాసుకోండి. పొద్దున ఏడు, ఎనిమిదింటికి ప్రవాహం పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంటే అది ఇళ్లలో స్నానాల వేళ. వాననీటికి అలాంటి దినచర్య ఉండదు.

ఇంకో అడుగు వేయాలంటే, శుద్ధి చేయని ముడి పత్తిని చిన్న వల సంచిలో పెట్టి, తూము నోటి దగ్గర నీటి దారిలో కట్టి, కొన్ని రోజులు వదిలేయండి. తీసి కడిగి ఆరబెట్టి, చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూడండి. బట్టల సబ్బుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం పత్తికి అంటుకుని ఉంటే నీలంగా మెరుస్తుంది. మెరిసిందంటే ఎవరింట్లోనో బట్టలు ఉతికిన నీళ్లు ఆ తూములోకి వస్తున్నాయి. ఉతికిన నీళ్లు వస్తుంటే మరుగుదొడ్డి నీళ్లూ వస్తుండవచ్చని అనుమానించాల్సిందే. మెరవకపోతే తూము శుభ్రమని మాత్రం కాదు. చేతికి గ్లౌజులు వేసుకోండి. గొట్టం లోపలికి తల కూడా పెట్టొద్దు, మురుగు వాయువు ప్రాణాలు తీస్తుంది.

(తూమే కనిపించని చోటు భద్రమనుకోకండి. హవాయిలోని మావీ దీవిలో శుద్ధి చేసిన మురుగునీటిని లోతు బావుల్లోకి పంపేవారు. 2011లో ఆ బావుల్లో రంగు కలిపి చూస్తే, 84 రోజుల తర్వాత అర మైలు అవతల, జనం స్నార్కెలింగ్‌కి వెళ్లే పగడపు దిబ్బల దగ్గర సముద్రం అడుగు నుంచి ఆ రంగు ఉబికింది. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భూమిలోంచి వచ్చినా, నేరుగా గొట్టంతో వదిలినదానితో సమానమైతే అనుమతి కావాల్సిందేనని 2020లో తీర్పు చెప్పింది.)

ఇప్పుడు ఎన్ని రోజులన్నది. కాలిఫోర్నియా తీరంలో ఆరోగ్య శాఖలు వాన ఆగాక 72 గంటలు నీళ్లలోకి దిగవద్దంటాయి. చాలామంది డైవర్లు ఎక్కడున్నా ఇదే లెక్క పాటిస్తారు, నేనూ పాటిస్తాను. దీనికి ఆధారం లేకపోలేదు. కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో 2013 నుంచి 2015 వరకు రెండు చలికాలాలు 654 మంది సర్ఫర్లని గమనిస్తే, నీళ్లలోకి దిగని రోజుల కన్నా దిగిన రోజుల తర్వాత, అందులోనూ వాన తర్వాత దిగినప్పుడు, జబ్బులు పెరిగాయి. కడుపు, చెవులు, గాయాలకి చీము పట్టడం, ఇవే ముఖ్యంగా. ఎండ బాగా కాస్తే తేట నీటిలో చాలా సూక్ష్మజీవులు కొన్ని గంటల్లోనే చస్తాయి. బురద నీటిలోకి ఎండ దిగదు, అక్కడ అవి రోజుల తరబడి బతుకుతాయి. తూము ముందున్న తడి ఇసుకలో ఇంకా ఎక్కువ. వైరస్‌లు బ్యాక్టీరియా కన్నా మొండివి. కాబట్టి 72 గంటలన్నది కనీసం అనుకోండి. మూడు రోజులూ మబ్బుగా ఉండి, నీళ్లు ఇంకా రంగు మారకపోతే గడియారం చూసి దిగకండి. మురుగు గొట్టం పగిలిందనో, పంపింగ్ స్టేషన్ ఆగిపోయిందనో తెలిస్తే ఈ లెక్క అసలు పనికిరాదు. నీటి పరీక్ష బాగుందని వచ్చేదాకా దిగొద్దు.

ఆ పరీక్షల గురించి ఒక్క మాట. సముద్రపు నీటిలో ఎంటరోకాకస్ అనే బ్యాక్టీరియాని లెక్కపెడతారు. జబ్బు చేసేది ముఖ్యంగా అది కాదు. పేగుల్లోంచి వచ్చినది నీళ్లలో కలిసిందని చెప్పే సాక్షి మాత్రమే. అమెరికా పర్యావరణ సంస్థ 2012 ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్లకి 30 రోజుల సగటు 35 దాటకూడదు. మామూలు పద్ధతిలో ఫలితం రావడానికి ఒక రోజు పడుతుంది. అంటే ఈ పూట మీరు చదివేది నిన్నటి నీళ్ల గురించి. అందుకే బోర్డు మీద ఏమీ రాయలేదన్న ఒక్క కారణంతో దిగకండి.

ఆ చోటు వదిలేయాలా అన్నారు. నా అభిప్రాయం: వాన తూము మాత్రమే అయితే వదలక్కర్లేదు, ఎండా వానా చూసుకుని దిగండి. వాన లేని రోజుల్లో కూడా మురుగు పారుతోందని తేలితే, అది బాగయ్యేదాకా వదిలేయండి. అలవాటైన చోటు మీద మమకారం నాకూ తెలుసు. నేనూ ఒక చోటుని అలాగే పట్టుకుని వేలాడి, ఒకే ఏడాదిలో మూడుసార్లు చెవి డాక్టర్ దగ్గర కూర్చున్నాను. మూడోసారి ఆయన పేరు అడగలేదు, ఏ చెవి అని మాత్రం అడిగాడు.

దిగే రోజుల్లో కొన్ని అలవాట్లు మార్చుకోండి. నీటిలోకి దిగే ముందు ఒక చిన్న కట్టెపుల్లని తూము దగ్గర నీళ్లలో విసిరి ఐదు నిమిషాలు చూడండి. అది ఎటు పోతోందో ఆ వైపు వెళ్లొద్దు, ఎదురువైపు నుంచి దిగండి. పోటు మీదున్నప్పుడు కొన్ని తూముల నోళ్లు మూసుకుపోయి, పాటు మొదలవగానే లోపల ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా వస్తాయి. మీది ఆ రకమేమో చూసుకుని వేళ ఎంచుకోండి. మాస్క్‌ని ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నీళ్లతో జాడించండి. పైన ఈదేటప్పుడు స్నార్కెల్ కాదు, రెగ్యులేటరే వాడండి. ఆ మేరకు గాలి మిగుల్చుకునేలా డైవ్‌ని కుదించండి. నోట్లోంచి తీసిన రెగ్యులేటర్ నీళ్లలో వేలాడితే, మళ్లీ పెట్టుకునే ముందు పర్జ్ చేయండి, అంటే బటన్ నొక్కి లోపలి నీళ్లని గాలితో వెళ్లగొట్టండి. బీసీడీని (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్‌ని) నోటితో ఊదకండి. రెగ్యులేటర్ పీల్చినప్పుడల్లా సన్నటి తుంపర గొంతుకి తగులుతుంటే ఊపిరి బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ రబ్బరు పాడై ఉండవచ్చు, సర్వీసింగ్‌కి ఇవ్వండి. ఒంటి మీద తెగిన గాయం, కొత్త టాటూ ఉంటే ఆ రోజుకి ఒడ్డున ఉండి బట్టలకి కాపలా కాయండి.

సామాను కడగడం పెద్ద విద్యేం కాదు. బయటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఇంటికెళ్లాక డైవింగ్ సామానుకి పనికొచ్చే క్రిమిసంహారకంలో దాని మీద రాసినంతసేపు నానబెట్టి, మళ్లీ కడిగి నీడలో ఆరేయండి. ఫస్ట్ స్టేజ్‌కి (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగానికి) మూత బిగించడం, నానుతున్నప్పుడు పర్జ్ బటన్ నొక్కకుండా ఉండడం మరవొద్దు. బీసీడీ లోపల చేరిన నీళ్లని ఒంపేసి, లోపల కూడా కడగండి. పదిమంది రెగ్యులేటర్లూ ఒకే తొట్టిలో ముంచే అలవాటు మీ గ్రూపులో ఉంటే మాత్రం, మౌత్‌పీస్ ఆ తొట్టిలో ముంచకండి. సముద్రం చేయని పని ఆ తొట్టి చేస్తుంది.

మీ చెవి సంగతి. తగ్గిందని డాక్టర్ చెప్పేదాకా డైవ్ వద్దు. తగ్గాక, ప్రతి డైవ్ తర్వాత అసిటిక్ యాసిడ్ చుక్కలు వేసుకుని ఒక్కో చెవికి ఐదు నిమిషాలు తల వంచి ఉంచడం డైవర్లలో బాగా పనికొచ్చిన పద్ధతి. కర్ణభేరికి చిల్లు ఉంటే అవి వేయకూడదు కాబట్టి ముందు చెవి చూపించుకోండి. దూదిపుల్లలు పెట్టొద్దు. మీ బడ్డీకి వచ్చినలాంటి కడుపు జబ్బు ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. కానీ లెప్టోస్పైరోసిస్‌కి (ఎలుక జ్వరానికి) వారం, రెండు వారాలు పట్టవచ్చు, హెపటైటిస్ ఏకి (ఒక రకం కామెర్లకి) నెల, ఒక్కోసారి ఏడు వారాల దాకా. జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు పచ్చబడడం ఏది కనిపించినా, మీరే గుర్తుపెట్టుకుని "ఫలానా రోజు మురుగు తూము దగ్గర నీళ్లలో ఉన్నాను" అని డాక్టర్‌కి చెప్పండి. ఆయనకి ఆ ప్రశ్న అడగాలని తోచకపోవచ్చు. హెపటైటిస్ ఏ, టైఫాయిడ్, ధనుర్వాతం టీకాల గురించి కూడా అదే సందర్శనలో అడగండి.

ఫిర్యాదు. ఇక్కడ చాలామంది ఒక్క మాట దగ్గర ఓడిపోతారు. "బీచ్ కంపుకొడుతోంది" అని రాస్తే ఆ ఉత్తరం ఎవరి బల్ల మీదా ఆగదు. వాననీటి కాలువలు ఒక విభాగం, మురుగు ఇంకో విభాగం, స్నానాల నీటి పరీక్ష మూడో విభాగం అయి ఉంటుంది, బంతి అటూ ఇటూ తిరుగుతుంది. "మూడు రోజులుగా వాన లేదు, ఫలానా తేదీ ఉదయం ఏడున్నరకి తూములో ఇంత వెడల్పున నీళ్లు పారుతున్నాయి, ఫొటో ఇదిగో, పత్తి మెరిసింది, ఇది మీ వాననీటి తూము, పైన ఎక్కడ మురుగు కలుస్తోందో వెతకండి" అని మూడు విభాగాలకీ ఒకే ఉత్తరం పంపండి. వాననీటి గొట్టాల మ్యాప్ అడగండి. పైకి వెళ్తూ ఒక్కో మ్యాన్‌హోల్ తెరిచి చూస్తే, దొంగ కనెక్షన్ ఎక్కడుందో కనిపెట్టడం వాళ్లకి తెలిసిన పనే. వెంటనే బాగుచేయలేమంటే, వాన లేని రోజుల్లో పారే ఆ సన్నటి ధారని మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించమని అడగండి. లాస్ ఏంజెలెస్ తీరంలో చాలా తూములకి అలాంటి మళ్లింపులున్నాయి.

మనుషుల ఆరోగ్యం గురించి చెబితే "అయితే దిగకండి" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకి పగడాల సంగతి చెప్పండి. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో ఎల్క్‌హార్న్ అనే రకం పగడాల మీద తెల్లటి మచ్చలు వేసి చంపిన బ్యాక్టీరియా సెరాషియా మార్సెసెన్స్ అని 2002లో గుర్తించారు. అది మనుషుల మురుగులోంచి వచ్చిందేనని 2011లో తేల్చారు. మన జబ్బులు జంతువులకి అంటడం అరుదు, వెన్నెముక లేని జీవికి అంటిందని రుజువు కావడం అదే మొదలు. పగడం "అయితే దిగను" అని ఒడ్డెక్కలేదు కదా.

ఇక మీ తమ్ముడు. మొదటి డైవ్‌లో ఎవరైనా నీళ్లు మింగుతారు. మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోవడం, రెగ్యులేటర్ వదిలి వెతికి పట్టుకోవడం, ఇవన్నీ ఆ రోజు చేయించేవే. అనుభవం ఉన్న మీకు రెండు చెంచాలైతే, అతనికి ఎన్నో ఊహించుకోండి. ఇన్‌స్ట్రక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి, బుధవారం తర్వాత వాన పడితే చోటు మార్చమనండి, లేదా తేదీ మార్చమనండి. కారణం అడిగితే మీ చెవి సంగతి చెప్పండి. అప్పటికీ కాదంటే ఇన్‌స్ట్రక్టర్‌నే మార్చండి.